డాక్టిల్ అంటే ప్రతిచోటా వేలేనా? గరికకీ గుర్రానికీ ఒకే ముక్క ఎందుకు?

మౌనిక_బైపీసీ:

అందరికీ నమస్కారం. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాను. ఇప్పుడు నీట్ లాంగ్ టర్మ్ కోచింగ్‌లో ఉన్నాను. నాకు ఫిజిక్స్ కన్నా బయాలజీ పేర్లంటేనే టెన్షన్. అర్థం తెలియకుండా బట్టీ పడితే రాత్రి వచ్చింది పొద్దున్నకి పోతోంది.

రివిజన్ చేస్తూ ఒకేలా వినిపించే పేర్లన్నీ నోట్సు చివరి పేజీలో రాసుకున్నాను. సైనోడాన్ డాక్టిలాన్ అంటే గరిక. హెమిడాక్టిలస్ అంటే ఇంట్లో గోడల మీద తిరిగే బల్లి. ఫీనిక్స్ డాక్టిలిఫెరా అంటే ఖర్జూరం. టెరోడాక్టిల్ అంటే పాతకాలపు ఎగిరే సరీసృపం. పెరిసోడాక్టైలా అంటే గుర్రం, ఖడ్గమృగం ఉండే క్రమం. పాలీడాక్టిలీ అంటే ఆరో వేలు ఉండటం.

చివరిదాంట్లో వేలు అని తెలుస్తోంది. మరి గరికకి వేళ్ళెక్కడివి? వేళ్ళంటే నేలలోకి దిగే వేర్లు అనుకోవాలా? ఖర్జూరపు చెట్టుకి ఏం వేళ్ళున్నాయి? గుర్రానికి గిట్ట తప్ప వేలే లేదు కదా. ఇంకో సందేహం. కొన్ని చోట్ల డాక్టిల్ అంటారు, కొన్ని చోట్ల డిజిట్ అంటారు. ఒకటి చేతికి, ఒకటి కాలికా? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పగలరు.


జువాలజీ_మాస్టారు_రిటైర్డ్:

అమ్మా మౌనికా, ఆ పేజీ చింపకు. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో చాలా ఏళ్ళు జువాలజీ చెప్పాను. ఇలా పేర్లన్నిటినీ ఒక్కచోటికి తెచ్చుకుని ప్రశ్న అడిగే పిల్లలు తక్కువ.

ముందు సూటిగా జవాబు. నువ్వు రాసిన ఆరు పేర్లలోనూ ఉన్నది ఒకటే మాట. ప్రాచీన గ్రీకులో డాక్టిలోస్ అంటే వేలు. చేతి వేలికీ కాలి వేలికీ వాళ్ళకి అదే మాట. మనమూ అంతే, చెయ్యి, కాలు అని ముందు చేర్చి చెబుతాం గానీ రెండూ వేళ్ళే. ఇంగ్లీషులో ఫింగర్ వేరు, టో వేరు. నీ సందేహం ఇంగ్లీషు పుస్తకం నుంచి వచ్చింది. తెలుగులో ఆలోచిస్తే గ్రీకు మాట ఇబ్బంది పెట్టదు. సైన్సు పేరులో డాక్టిల్ కనిపిస్తే చెయ్యో కాలో ఆ ముక్క చెప్పదు, సందర్భం చూసుకోవాలి.

కోచింగ్ మెటీరియల్‌లో ఈ ముక్కల్ని ఎడమవైపు గ్రీకు, కుడివైపు అర్థం అని గళ్ళు గీసి ఇస్తారు. నాకది నచ్చదు. ఆ గళ్ళలో గరిక ఉండదు, గుర్రం ఉండదు. ఒక పేరు ఆ ప్రాణి గురించి అంతా చెప్పేయదమ్మా. ఎక్కడ చూడాలో మాత్రం చెబుతుంది. చూడటం మన పని. నీ పేజీలో ఉన్నవాటిని ఒక్కొక్కటిగా చూద్దాం.

గరిక. వినాయక చవితికి లేత గరిక కోస్తాం కాబట్టి పూత వచ్చిన గరికని సరిగా చూసి ఉండం. మీ ఇంటి పక్క ఖాళీ స్థలంలో పూతకొచ్చిన కాడ ఒకటి తుంపి చూడు. కాడ కొసన ఒకే చోటు నుంచి సన్నటి కంకులు మూడు మొదలు ఆరు దాకా విచ్చుకుని ఉంటాయి. చాచిన వేళ్ళలాగే ఉంటాయి. లిన్నేయస్ 1753లో ఈ గడ్డికి డాక్టిలాన్ అనే పేరు పెట్టింది వాటిని చూసే. వేర్లకీ దీనికీ సంబంధం లేదు. సైనోడాన్ అంటే కుక్కపన్ను. నేల మీద పాకే కాడల కణుపుల దగ్గర గట్టిగా, మొనదేలి ఉండే పొలుసుల్ని బట్టి ఆ పేరు. పూజకి వాడే గరిక శాస్త్రీయ నామంలో కుక్కా, పన్నూ, వేలూ మూడూ ఉన్నాయన్నమాట. పరీక్ష హాల్లో ఇక మర్చిపోలేవు.

ఖర్జూరం సంగతి తేలిక. గ్రీకులు ఖర్జూరపు పండుని కూడా డాక్టిలోస్ అనేవాళ్ళు. డాక్టిలిఫెరా అంటే వేళ్ళని, అంటే ఆ పండ్లని కాసేది. చివర ఉన్న ఫెరా లాటిన్ ముక్క. ఇలా గ్రీకు, లాటిన్ కలిసిపోయిన పేర్లు బోలెడు. ఖర్జూరానికి ఇంగ్లీషులో డేట్ అనే మాట కూడా లాటిన్, ఫ్రెంచి మీదుగా ఈ డాక్టిలోస్ నుంచి వచ్చిందే. క్యాలెండర్లో ఉండే డేట్ మాత్రం వేరు, దానికీ దీనికీ చుట్టరికం లేదు.

బల్లి. హెమి అంటే సగం. కిటికీ అద్దానికి అవతల బల్లి ఉన్నప్పుడు ఇవతల నుంచి దాని వేళ్ళని చూడు. వేలి మొదటి భాగం వెడల్పుగా, అడుగున పలకలు పలకలుగా ఉంటుంది. ఆ వెడల్పు వేలి కొస దాకా సాగదు. గోరున్న కొస సన్నగా, దాని మీది నుంచి లేచి విడిగా ఉంటుంది. పేరు పెట్టినవాళ్ళ చూపు పడింది ఈ వేళ్ళ మీదే. బల్లుల్లో ప్రజాతి (జీనస్) పేర్లు చాలావరకు వేళ్ళ మీదే నడుస్తాయి. సిర్టోడాక్టిలస్ అంటే వంకర వేలు. 2016లో ఈ ప్రజాతిలో ఒక కొత్త బల్లిని మన మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ నుంచి వర్ణించి సిర్టోడాక్టిలస్ రిషివ్యాలీయెన్సిస్ అని పేరు పెట్టారు. గ్రీకు వేలి పక్కన మన ఊరి పేరు చేరడం నాకు ఎంతో సంతోషం కలిగించింది.

టెరోడాక్టిల్ దగ్గర కాస్త ఆగుదాం. ఇంగ్లీషు స్పెల్లింగులో ముందు పలకని పి ఉంటుంది, గమనించావా? టెరోన్ అంటే రెక్క. హెలికాప్టర్ అనే మాటలో అదే రెక్క ఉంది, అక్కడ ఆ పి పలుకుతుంది కూడా. జర్మనీలోని బవేరియా సున్నపురాయిలో దొరికిన ఈ శిలాజాన్ని 1784లో కొల్లిని అనే ఆయన మొదట వర్ణించాడు. అది నీళ్ళలో బతికిన జీవి కావచ్చనుకున్నాడు. తర్వాత ఫ్రాన్సులో కువియే అనే శాస్త్రవేత్త దాని బొమ్మ చూసి, విపరీతంగా పొడుగు సాగిన ఆ ఒక్క వేలు రెక్కని మోయడానికేనని, ఇది ఎగిరే సరీసృపమని తేల్చాడు. 1809లో రెక్కవేలు అని పేరు పెట్టాడు. అది నాలుగో వేలు, అంటే మన ఉంగరపు వేలికి సాటి. మొదటి మూడు వేళ్ళు చిన్నవిగా, గోళ్ళతో విడిగా ఉంటాయి.

ఇప్పుడు దీని పక్కన గబ్బిలాల క్రమం పేరు పెట్టి చూడు. కైరాప్టెరా. కైర్ అంటే చెయ్యి. గబ్బిలం రెక్క ఒక్క వేలి మీద లేదు, బొటనవేలు తప్ప మిగిలిన నాలుగు వేళ్ళూ పొర కింద చాచుకుని ఉంటాయి. ఒకదాని పేరు రెక్కవేలు, ఇంకోదాని పేరు చెయ్యిరెక్క. రెండు జంతువుల ఎముకల్లో ఉన్న తేడా రెండు పేర్లలో అచ్చంగా ఉంది. ఇలాంటి చోట పేరు పెట్టినవాళ్ళకి దండం పెట్టాలనిపిస్తుంది.

ఇక గుర్రం. ఇది కొంచెం ఓపికగా చదువు. రిచర్డ్ ఓవెన్ 1848లో గిట్టల జంతువుల్ని రెండు క్రమాలుగా విడదీశాడు. పెరిసోస్ అంటే బేసి, ఆర్టియోస్ అంటే సరి. బేసి వేళ్ళవి పెరిసోడాక్టైలా: గుర్రం, ఖడ్గమృగం, పొట్టి తొండంలాంటి ముక్కుండే అడవి జంతువు టాపిర్. సరి వేళ్ళవి ఆర్టియోడాక్టైలా: ఆవు, గేదె, మేక, పంది, ఒంటె, జింక.

గుర్రానికి వేలు లేదన్నావు కదా. నీ చేతిని బల్ల మీద బోర్లా పెట్టి అరచెయ్యి, మణికట్టు పైకి లేపు, వేలికొసలు మాత్రం ఆనించు. బొటనవేలు ఎత్తు. నాలుగు మిగిలాయి. చూపుడువేలు, చిటికెనవేలు కూడా ఎత్తెయ్. నడిమి వేలు, ఉంగరపు వేలు మిగిలాయి, ఆవు ఈ రెంటి మీదే నిలబడుతుంది. పందికి నాలుగు వేళ్ళున్నా బరువు మోసేది ఈ రెండే. ఇప్పుడు ఉంగరపు వేలు కూడా ఎత్తి నడిమి వేలి ఒక్కదాని మీద చెయ్యి నిలబెట్టు. అదీ గుర్రం. గిట్ట అంటే ఆ వేలి గోరు. ముందు కాలికి మోకాలని మనం అనుకునేది నిజానికి దాని మణికట్టు. అటూ ఇటూ ఉండాల్సిన రెండో, నాలుగో వేళ్ళ గుర్తులు సన్నటి ఎముకలుగా చర్మం కింద ఇప్పటికీ ఉన్నాయి. గుర్రాల డాక్టర్లకి అవి బాగా తెలుసు.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. టాపిర్‌కి వెనక కాళ్ళకి మూడు వేళ్ళు, ముందు కాళ్ళకి నాలుగు. నాలుగు సరి సంఖ్య కదా, అయినా అది బేసి క్రమంలో ఉంది. ఎందుకంటే అసలు లెక్క వేళ్ళ సంఖ్య కాదు, బరువు దిగే గీత. పెరిసోడాక్టైలాలో ఆ గీత మూడో వేలి నడిమి నుంచి దిగుతుంది. ఆర్టియోడాక్టైలాలో మూడు, నాలుగు వేళ్ళ మధ్య నుంచి దిగుతుంది. బేసి, సరి అన్న మాటల్నే పట్టుకుని వేళ్ళు లెక్కపెట్టి జవాబు రాస్తే టాపిర్ దగ్గర దెబ్బ తింటాం. అందుకే అన్నాను, పేరు చూపించిన చోటికి వెళ్ళి మనమే చూడాలని.

ఇంకా ఉంది. వేళ్ళే బయటికి కనపడని తిమింగలాలు కూడా ఆర్టియోడాక్టైలా వంశం నుంచే వచ్చాయి. జమ్మూ వైపు కాలాకోట్ ప్రాంతంలో భారతీయ భూగర్భ శాస్త్రవేత్త ఎ. రంగారావు సేకరించిన శిలాజాల్లో ఇండోహయస్ అనే చిన్న గిట్టల జంతువు ఉంది. దానికి ఆ పేరు పెట్టిందీ ఆయనే, 1971లో. 2007లో అచ్చయిన పరిశోధన దాన్ని తిమింగలాలకి దగ్గరి చుట్టంగా చూపించింది.


ఏజెన్సీ_స్టాఫ్‌నర్సు:

మౌనికా చెల్లీ, మాస్టారు జంతువుల గురించి చెప్పారు కాబట్టి నేను ఆసుపత్రి వైపు నుంచి రాస్తాను. పాడేరు వైపు పిల్లల వార్డులో పనిచేస్తున్నాను. కేస్ షీట్లో ఈ డాక్టిల్ నాకు తరచూ కనిపిస్తుంది.

పాలీ అంటే ఎక్కువ, పాలీడాక్టిలీ ఆరో వేలు. చిటికెనవేలి పక్కన వస్తే పోస్ట్ యాక్సియల్, బొటనవేలి పక్కన వస్తే ప్రీ యాక్సియల్ అని రాస్తారు. సిన్ అంటే కలిసి, సిన్‌డాక్టిలీ అంటే వేళ్ళు అతుక్కుని పుట్టడం. కడుపులో బిడ్డ చెయ్యి మొదట విడివిడి వేళ్ళు లేకుండా చదునుగా ఉంటుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య వేళ్ళ నడుమ ఉన్న కణాలు వాటంతటవే చనిపోయి వేళ్ళు విడిపోతాయి. ఎక్కడైనా ఆ పని జరగకపోతే అక్కడ చర్మం కలిసే ఉంటుంది. ఆలిగో అంటే తక్కువ, ఆలిగోడాక్టిలీ. క్లైనో అంటే పక్కకి వాలడం, చిటికెనవేలు ఉంగరపు వేలి వైపు వంగి ఉంటే క్లైనోడాక్టిలీ. డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో ఇది తరచూ చూస్తాం. కాంప్టో అంటే లోపలికి ముడుచుకోవడం, వేలు పూర్తిగా చాచలేకపోతే కాంప్టోడాక్టిలీ.

అరాక్నోడాక్టిలీ అంటే సాలీడు వేళ్ళు, బాగా సన్నగా పొడుగ్గా ఉండేవి. 1896లో పారిస్‌లో మార్ఫాన్ అనే డాక్టరు అలాంటి ఐదేళ్ళ పాపని వర్ణించారు, మార్ఫాన్ సిండ్రోమ్ ఆయన పేరు మీదే. ఈ వేళ్ళు కనిపిస్తే డాక్టర్లు వెంటనే గుండెకి ఎకో రాస్తారు. పెద్ద రక్తనాళం, అంటే బృహద్ధమని ఉబ్బే ప్రమాదం ఉంటుంది.

నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది డాక్టిలైటిస్. ఐటిస్ అంటే వాపు. మా వైపు గిరిజన కుటుంబాల్లో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బు ఉంది. ఆరు నెలలు దాటిన బిడ్డకి రెండు చేతుల వేళ్ళూ, కాళ్ళూ ఉన్నట్టుండి వాచి, ముట్టుకుంటే గుక్కపట్టి ఏడుస్తుంటే పురుగు కుట్టిందనో, ఎత్తుకునేటప్పుడు బెణికిందనో అనుకుంటారు. అది చాలాసార్లు సికిల్ సెల్ మొదటి గుర్తు. గర్భంలో ఉన్నప్పటి హిమోగ్లోబిన్ తగ్గిపోయే వయసు అది, అందుకే అంతకుముందు బయటపడదు. 2023లో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది, పరీక్షలు చేస్తున్నారు. ఆ వేళ్ళ వాపుని గుర్తుపట్టి పరీక్షకి పంపితే బిడ్డ ప్రాణం నిలబడుతుంది.

ఒక్క మాట. వేళ్ళ లోపంతో బిడ్డ పుడితే మా దగ్గర ముందు తల్లినే అంటారు, గ్రహణం నాడు కడుపుతో బయటికొచ్చావు కదా అని. ఏడుస్తూ కూర్చున్న తల్లుల్ని చూస్తే చాలా బాధేస్తుంది. ఇది ఆమె తప్పు కాదు. అతుక్కున్న వేళ్ళకి సాధారణంగా ఏడాది నుంచి రెండేళ్ళ మధ్య ఆపరేషన్ చేసి విడదీస్తారు. ఆరో వేలికి ఇంట్లో దారం కట్టి ఊడగొట్టే ప్రయత్నం మాత్రం ఎవరూ చెయ్యకండి. అందులో ఎముక, నరం ఉండొచ్చు. నువ్వు డాక్టరువయ్యాక ఈ మాట తల్లులకి తెలుగులో చెప్పు.


రొయ్యల_టెక్నీషియన్_భీమవరం:

మాకు డాక్టిల్ చెరువు గట్టు మీద కూడా ఉందండి. రొయ్య, పీత కాలికి వరసగా ముక్కలుంటాయి. ఒంటి దగ్గర కాక్సా, తర్వాత బేసిస్, ఇస్కియమ్, మీరస్, కార్పస్, ప్రోపోడస్, చిట్టచివరి ముక్క డాక్టిలస్. పీత డెక్కలో పైకీ కిందకీ ఆడే కొస ఉంటుంది చూడండి, పట్టుకుంటే కరిచేది, అదే డాక్టిలస్. కదలకుండా ఉండే రెండో కొస ప్రోపోడస్‌లో భాగం.

రొయ్యకి నిజంగా వేళ్ళు లేవు కదా అని మౌనిక గారు అడగొచ్చు. కాలి చివర ఉంది కాబట్టి వేలన్నారు, అంతే. మనిషి వేలికీ దానికీ పుట్టుకలో సంబంధం లేదు.


తెలుగు_పండిట్_విశ్రాంత:

సైన్సు చర్చలో తెలుగు వాడినైన నేను రావచ్చో లేదో గానీ, డాక్టిల్ అనగానే ఊరుకోలేకపోయాను. గ్రీకు ఛందస్సులో డాక్టిల్ అనే గణం ఉంది. ఒక గురువు, రెండు లఘువులు. చూపుడువేలిని పక్క నుంచి చూడండి. అరచేతి వైపు కణుపు పొడుగు, తర్వాత రెండూ పొట్టి. అందుకే ఆ గణానికి వేలు అని పేరు.

మౌనికా, ఇది నువ్వు హైస్కూల్లో చదివిందేనమ్మా. గురువు, లఘువు, లఘువు అంటే మన భగణం. యమాతారాజభానసలగంలో భానస. ఉత్పలమాల పద్యం భ, ర, న, భ, భ, ర, వ అని భగణంతోనే మొదలవుతుంది. మానిని వృత్తంలో అయితే వరసగా ఏడు భగణాలు, చివర ఒక గురువు. హోమరు ఇలియడ్, ఒడిస్సీ నడిచింది డాక్టిల్ నడక మీదే, పాదానికి ఆరు గణాల చొప్పున. అక్కడ మాత్రం రెండు లఘువుల చోట ఒక గురువు వేసుకునే వెసులుబాటు ఉంది. మన వృత్తాల్లో అది కుదరదు. ఎవరైనా మానిని పద్యం గొంతెత్తి చదివితే గ్రీకు డాక్టిల్ ఎలా నడుస్తుందో చెవికి పట్టుబడుతుంది. పుస్తకాల్లో వెతకనక్కర్లేదు.


వేలిముద్రల_విభాగం:

డాక్టిలోస్కోపీ ఎవరూ రాయలేదు. వేలిముద్రల శాస్త్రం పేరు అదే, స్కోపీ అంటే పరిశీలించి చూడటం. అర్జెంటీనాలో వుసెటిచ్ అనే పోలీసు అధికారి తయారుచేసిన పద్ధతి ఈ పేరుతో వ్యాపించింది. 1892లో అక్కడ ఇద్దరు పిల్లల హత్య కేసు తలుపు మీది రక్తపు వేలిముద్రతో తేలింది. మన దేశంలో 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టారు. ముద్రల్ని వర్గాలుగా విడదీసే లెక్కని కట్టింది అక్కడ పనిచేసిన అజీజుల్ హక్, హేమచంద్ర బోస్. పద్ధతికి పేరు మాత్రం వాళ్ళ పై అధికారి హెన్రీది వచ్చింది. వాళ్ళిద్దరి పేర్లూ కూడా నోట్సులో రాసుకోమ్మా.


మౌనిక_బైపీసీ:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. చేతిని బల్ల మీద పెట్టి గుర్రం దాకా చేసి చూశాను సార్, మా తమ్ముడితో కూడా చేయించాను. అక్కా, డాక్టిలైటిస్ గురించి మీరు రాసింది మా రూంలో అందరికీ చదివి వినిపించాను.

ఇంకో రెండు సందేహాలు. బ్రాకీడాక్టిలీ అంటే పొట్టి వేళ్ళు అని ఉంది. అంటే బ్రాకీ అంటే పొట్టి. మరి నీలకంఠ రొయ్య పేరు మాక్రోబ్రాకియం. మాక్రో అంటే పెద్దది, పొడుగైనది కదా. పొడుగు పొట్టి అని పేరు పెడతారా? రెండోది, డిజిట్ సంగతి ఎవరూ చెప్పలేదు.


జువాలజీ_మాస్టారు_రిటైర్డ్:

బ్రాకీ సందేహం చాలా మంచిదమ్మా. తెలుగులో రాస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి, స్పెల్లింగులో తేడా ఉంది. బ్రాకీడాక్టిలీలో చివర వై. అది బ్రాకుస్, పొట్టి. మాక్రోబ్రాకియంలో ఐ. అది బ్రాకియోన్, భుజం నుంచి దిగే చెయ్యి. మాక్రోబ్రాకియం అంటే పొడుగు చేతులది. భీమవరం తమ్ముడిని అడుగు, మగ నీలకంఠ రొయ్య నీలం చేతులు ఒంటికన్నా పొడుగు సాగుతాయి. మన చేతిలో ఉండే బ్రాకియల్ ధమని ఐ వర్గం. తల పొట్టిగా ఉండే బ్రాకీసెఫాలిక్ వై వర్గం. స్పెల్లింగు చూడకుండా చెవితో మాత్రమే నేర్చుకుంటే ఇక్కడ తప్పకుండా పొరపడతాం.

బ్రాకీడాక్టిలీకి చరిత్రలో పెద్ద చోటుంది. మెండల్ సూత్రాలు 1900లో మళ్ళీ వెలుగులోకి వచ్చాక, అవి మనిషికీ వర్తిస్తాయని ఒక కుటుంబ వృక్షం గీసి మొదట చూపించిన లక్షణం ఇదే. అమెరికాలో ఫారబీ అనే ఆయన పొట్టి వేళ్ళ కుటుంబం ఒకదాన్ని తరాల వెంట చూసి 1905లో ప్రచురించాడు. బహిర్గత లక్షణం, తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పిల్లల్లో సుమారు సగం మందికి వస్తుంది. జన్యుశాస్త్రం పాఠంలో వంశవృక్షం గీసేటప్పుడు దీన్ని గుర్తు తెచ్చుకో.

డిజిట్ లాటిన్. డిజిటస్ అంటే వేలు, అదీ చేతికీ కాలికీ రెంటికీ. వేళ్ళ మీద లెక్కపెట్టేవాళ్ళు కాబట్టి అంకెకీ ఆ పేరే వచ్చింది, అక్కడి నుంచి డిజిటల్. జీవశాస్త్రంలో ఏది ఎక్కడ వాడతారో గట్టి నియమం లేదు, కానీ ఒక అలవాటు ఉంది. వేలిని ఒక అవయవంగా చెప్పేటప్పుడు డిజిట్: ఒకటో డిజిట్, ఐదో డిజిట్. వేళ్ళ మీద నడిచే కుక్క, పిల్లి డిజిటిగ్రేడ్. ముందు ఇంకో గ్రీకు ముక్క చేర్చి లక్షణానికో, వర్గానికో పేరు పెట్టేటప్పుడు డాక్టిల్. చిలుక కాలు చూడు, రెండు వేళ్ళు ముందుకి, రెండు వెనక్కి. జైగో అంటే కాడి, జంట, కాబట్టి జైగోడాక్టిల్. కోకిల, వడ్రంగిపిట్ట కూడా అంతే. లకుముకి పిట్టకి ముందు వేళ్ళు రెండు కొంత దూరం కలిసి ఉంటాయి, అది సిన్‌డాక్టిల్. నర్సమ్మ చెప్పిన సిన్‌డాక్టిలీ బిడ్డకి లోపం, ఈ పిట్టకి సహజం. మాట ఒకటే.

ఐదు వేళ్ళు ఉండటం పెంటడాక్టిల్. మొదటి నుంచీ ఐదే అనుకుంటాం. గ్రీన్‌లాండ్ శిలాజాల్లో, నీటి నుంచి నేలకి వచ్చే దశలోని అకాంతోస్టెగాకి ఎనిమిది వేళ్ళు, ఇక్థియోస్టెగా వెనక కాలికి ఏడు ఉన్నాయని 1990లో కోట్స్, క్లాక్ చూపించారు. ఐదు తర్వాత స్థిరపడింది.

వేళ్ళ చుట్టూ ఉన్నవి ఇంకో రెండు రాసుకో. ఫాలాంక్స్ అంటే గ్రీకు సైనికులు వరసగా నిలబడే వ్యూహం. వేలి ఎముకలు వరసలుగా ఉంటాయి కాబట్టి వాటికి ఫలాంజెస్ అనే పేరొచ్చింది, చేతికి పద్నాలుగు. ఆనిక్స్ అంటే గోరు. పారా అంటే పక్కన, చుట్టూ. పారోనికియా అని చూసి బెదరకు, అది మన గోరుచుట్టు. గోరుకి వచ్చే ఫంగస్ జబ్బు ఆనికోమైకోసిస్.

ఫలాంజెస్ లెక్క, అంటే మనిషికి రెండు, మూడు, మూడు, మూడు, మూడు అని రాసే ఫార్ములా, జంతువుల్లో ఎలా మారుతుందో కావాలంటే విడిగా ఇంకో ప్రశ్న పెట్టు. తిమింగలంతో మొదలుపెట్టి రాస్తాను.